ఆకాశమునుండి ఒకడు, సముద్రమునుండి ఒకడు

విరాటుని కొలువులో బృహన్నల ఎవరో ఆ కొలువులోనివా రెరుగరు. కథ వినువా రెరుగుదురు. తిక్కన సోమయాజి తన భారతరచనను విరాటపర్వముతోనే ఆరంభించెను. ఆ పర్వమునందలి రసములో చాలవరకు ఈ తెలివికిని ఆ తెలియమికిని నడుమ పుట్టినదే. సారథి దొరకినచో చాలును, కౌరవులనందరిని గెలిచెదనని ఉత్తరుడు అంతఃపురమున ప్రగల్భములు పలుకుచుండగా, ఆ యింటనే యున్న నాట్యాచార్యుని తలచుకొని శ్రోత నవ్వుకొనును.

మారువేషము వెనుక నున్నదెవరో శ్రోతకు సైతము చెప్పక దాచినచో ఏమగును? ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్: ది రింగ్స్ ఆఫ్ పవర్’ అను ధారావాహిక చేసిన ప్రయోగ మిదియే. జె. డి. పేన్, పాట్రిక్ మెక్‌కే అనువారి రూపకల్పనలో 2022 సెప్టెంబరున ఇది అమెజాన్ ప్రైమ్ వీడియోలో ఆరంభమై, తెలుగు మాటలతో మన యిండ్లలోనికిని వచ్చెను. జె. ఆర్. ఆర్. టోల్కీన్ 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువరించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’కు ఇది పూర్వకథ. ముగింపు లోకమునకు తెలిసినదే. అధికారపుటుంగరము అగ్నిపర్వతములో కరగిపోవును. దుష్టశక్తియైన సౌరాన్ నశించును. ఆ కార్యమునకు దారి చూపినవాడు గండాల్ఫ్ అను వృద్ధమాంత్రికుడు. వేలయేండ్ల వెనుకటి కథను చెప్పబూనిన నిర్మాతలకు, ముగింపును దాచు వీలు లేకపోగా, మనుష్యులను దాచు వీలు మాత్రము మిగిలినది.

వారు ముఖ్యముగా ఇద్దరిని దాచిరి. మొదటి ప్రకరణము చివర ఆకాశమునుండి ఉల్కవలె ఒకడు నేలబడును. గడ్డము పెరిగి, మాట రాక, తన పేరు తానే ఎరుగక యుండును. హార్‌ఫుట్ అను పొట్టివారి సంచారజాతికి చెందిన నోరి అను బాలిక అతనిని కనుగొనును. రెండవ ప్రకరణమున, నడిసముద్రములో తెప్పపై తేలుచున్న హాల్‌బ్రాండ్ అను మానవుడు, సౌరాన్ జాడకై జన్మమంతయు వెదకుచున్న గెలాడ్రియల్ అను ఎల్ఫ్ యోధురాలికి తారసిల్లును. అతని మెడలో ఒక రాజచిహ్నము వ్రేలాడుచుండును. వీరిలో సౌరాన్ ఎవరు? గండాల్ఫ్ ఎవరు? లేక ఇద్దరును కారా?

మొదటి రెండు ప్రకరణములు ఒక్కసారిగా వెలువడినను, తక్కిన ఆరును వారమున కొక్కటిగా అక్టోబరు 14 వరకు వచ్చెను. వారపత్రికలలో నవలలు చదివిన తెలుగువారికి ఈ నిరీక్షణ కొత్త గాదు. ఆ నడిమి దినములలో అభిమానులు ఊహాగానములకు పూనుకొనిరి. అవి వట్టి పొద్దుపోక మాటలు గావు. అందు పెక్కింటికి గ్రంథప్రమాణమే ఆధారము.

ఆకాశమునుండి పడినవాడు గండాల్ఫ్ అన్నవారు అతని ప్రకృతిని చూపిరి. అల్పులయెడ ప్రీతి, అగ్నితో చెలిమి, మాటలలోని తడబాటునందు సైతము తోచు దయ—ఇవి గండాల్ఫ్‌వి గాక మరెవ్వరివి? కాదన్నవారు కాలగణన చూపిరి. టోల్కీన్ అనుబంధముల ప్రకారము మాంత్రికులు ఆ లోకమునకు వచ్చినది మూడవ యుగమున రమారమి వెయ్యేండ్లు గడచిన పిమ్మట. ధారావాహిక నడచుచున్నది రెండవ యుగమున. మూడవ పక్షమువా రింకను లోతునకు దిగిరి. ఇద్దరు నీలమాంత్రికులు రెండవ యుగముననే తూర్పుదేశములకు వచ్చిరని టోల్కీన్ చివరి దశలో వ్రాసికొన్న యొక టిప్పణము ఆయన మరణానంతరము, 1996లో అచ్చయ్యెను. ఇతడు వారిలో నొకడు కారాదా అని వారి వాదము.

ఇతడే సౌరాన్ అన్నవారికిని సాక్ష్యము దొరకక పోలేదు. చెడుగు నిండిన చోట దివిటీలకు వేడిమి యుండదని తొలి ప్రకరణమున వినిపించును. ఈ అపరిచితుడు పడిన గుంతలో మండుచున్న మంట నోరి చేతిని కాల్చలేదు. అతడు గుసగుసలాడిన మిణుగురులు రాలి చచ్చినవి. హాల్‌బ్రాండే సౌరాన్ అన్నవారు మాత్రము అతని కమ్మరపు నేర్పును పట్టుకొనిరి. టోల్కీన్ పురాణమున సౌరాన్ మొదట శిల్పదేవతయైన ఔలే పరివారములోనివాడు. కొలిమి కొరకు అంతగా తపించు రాజు ఎట్టి రాజు?

మొదటి భాగము చివరి ప్రకరణమున హాల్‌బ్రాండే సౌరాన్ అని తేలినది. ఆకాశపురుషుడు మాంత్రికుడని మాత్రము తెలిసినది. అతడు గండాల్ఫేయని తేల్చుటకు 2024 అక్టోబరు వరకు, అనగా రెండవ భాగము ముగియు వరకు, రెండేండ్లు పట్టినది. రెండును అనేకులు ముందే ఊహించినవే. అందుచే కొందరు, మేము కనిపెట్టితిమి గనుక రచయిత లోడిపోయిరని తీర్పు చెప్పిరి. ఈ తీర్పు తొందరపాటు. పొడుపుకథకు విప్పుటతో ఆయువు తీరును. కథ అట్లు గాదు. దానిని పట్టి చూడవలసినది విప్పిన తరువాతనే.

విప్పిన తరువాత మరల మొదటినుండి చూచినచో కనబడు విశేష మొకటి కలదు. ఊహాగానము చేసినవారు తెర ముందు మాత్రమే లేరు. తెర లోపలను ఉన్నారు. వారిలో మొదటిది గెలాడ్రియల్. ఆమె హాల్‌బ్రాండ్ మెడలోని చిహ్నమును చూచెను. ఇతడు దక్షిణదేశపు నష్టరాజవంశీయు డని నిశ్చయించుకొనెను. ఆ చిహ్నము ఒక మృతునియొద్ద దొరకినదని అతడే చెప్పెను. తాను చెడ్డపనులు చేసితి నని చెప్పెను. న్యూమెనార్ ద్వీపమున కమ్మరిగా నిలిచిపోయెద నని వేడుకొనెను. ఆమె విన్నదిగాని వినలేదు. ఆమెకు రాజు కావలెను, సైన్యము కావలెను, తన పగకు ఒక సాధనము కావలెను. కోరిక ఊహగా మారెను. ఊహ ప్రమాణముగా మారెను. ఆ రాజవంశము వెయ్యేండ్ల క్రిందటనే అంతరించినదని ప్రాచీనలేఖనములో చూచునాటికి కాలము మించిపోయినది. జన్మమంతయు ఎవనికై వెదకినదో వానిని తానే చేయిపట్టి తెచ్చి, ఉంగరములు రూపొందు కొలిమి వాకిట నిలిపినది.

రెండవ పక్షము శ్వేతాంబరలైన ముగ్గురు తాంత్రికురాండ్రు. వారు నక్షత్రములు గణించిరి. ఆకాశమునుండి పడినవాడే తమ ప్రభువైన సౌరాన్ అని సిద్ధాంతీకరించిరి. అతని యెదుట మోకరిల్లిరి. వారి శాస్త్రమును తప్పినది. గెలాడ్రియల్ దుష్టుని చూచి రాజన్నది. వీరు సాధువును చూచి దుష్టప్రభువనిరి. ఉభయులును తమకు కావలసినవానినే చూచిరి.

వారికి భిన్నముగా నిలిచినది నోరి. ఆమె అతనికి తిండి పెట్టినది, మాటలు నేర్పినది. ఒకమారు అతని శక్తికి జడిసి పారిపోయినది, మరల వచ్చినది. ఇతడేదో ముఖ్యుడని ఆమెకు తోచకపోలేదు. అయినను ఇతడు ఫలానావాడని పేరు పెట్టి కూర్చుండలేదు. నీవు సౌరాన్‌వని లోకము మ్రోగుచుండగా, కాదు, నీవేమగుదువో తేల్చుకొనవలసినది నీవేయని చెప్పినది ఆ చిన్నది. అతడు దండము చేతబట్టి నిలిచినది ఆ మాటతోనే. పేరు ముందుగా తగిలించబడినవాడు సౌరాన్ అయ్యెను. పేరు లేకుండ ఆదరింపబడినవాడు గండాల్ఫ్ అయ్యెను. ఈ ధారావాహికలో లోపములున్నను, ఇందలి ఈ యల్లిక మాత్రము తేలికగా త్రోసివేయదగినది గాదు.

లోపములు లేకపోలేదు. గండాల్ఫ్‌ను రెండవ యుగమునకు లాగుటలో గ్రంథకర్త కాలగణనకు భంగము కలిగినది. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. పైగా, మొదటి భాగము చివర ముక్కు చూపిన దారిని నడువుమని నోరికి అతడిచ్చిన సలహా, 2001 నాటి పీటర్ జాక్సన్ చిత్రములో గండాల్ఫ్ మాటనే తలపించినది. అంతటి గురుతును చూపిన పిమ్మట ఇంకను రెండేండ్లు పేరు దాచుట, దీపము వెలిగించి దానిపై గంప మూయుట వంటిది. హాల్‌బ్రాండ్ రహస్యము బయటపడినప్పుడు వెనుకటి ప్రతి సన్నివేశమునకు కొత్త అర్థము వచ్చినది. గండాల్ఫ్ పేరు బయటపడినప్పుడు ఒక సందేహము మాత్రమే తీరినది. రెండు రహస్యములకు గల తార తమ్య మిదియే.

దాచుటలోని మర్మము టోల్కీన్‌కు బాగుగ తెలియును. ఆయన గ్రంథమున టామ్ బొంబాడిల్ అను వనవాసి కలడు. ఉంగరము అతనిపై పనిచేయదు. అతడెవరో గ్రంథమున నెచ్చటను తేలదు. పురాణయుగమున సైతము కొన్ని చిక్కుముడు లుండవలెననియు, బొంబాడిల్ తాను తెలిసి తెలిసి విడిచిన చిక్కుముడి యనియు టోల్కీన్ 1954లో ఒక లేఖలో వ్రాసెను. నాటినుండి ఏడు దశాబ్దములుగా పాఠకులు అతడు దేవతయనియు, ప్రకృతియనియు, సృష్టికర్తయే యనియు వాదించుచునే యున్నారు. ధారావాహిక రెండవ భాగమున బొంబాడిల్ కూడ వచ్చెను. అతనితోపాటు తూర్పుదేశమున మరియొక దుష్టమాంత్రికుడును వచ్చి, ఆ భాగము ముగియునాటికి పేరు తెలియకయే మిగిలెను. ఊహించువారి కింకను పని కలదు.

వారు ఊహించుట తప్పు గాదు. శ్రద్ధగా చూచువాడే ఊహించును. మంట కాల్చలేదని గమనించిన కన్ను మంచి పాఠకుని కన్ను. కాని ఆ కన్ను గెలాడ్రియల్‌ది గాకుండుట మేలు. తెప్పపై తేలి వచ్చినవానిలో తాను కోరిన రాజునే చూచినందుకు ఆమె లోకమున కొక యుగమంత యుద్ధమును తెచ్చిపెట్టెను. నోరి మాత్రము, గుంతలో పడియున్నవాడెవరో తెలియక ముందే, వానికి ఆకలిగా నున్నదేమోయని చూచెను.