వైద్యవిద్యార్థియు పరిశోధనయు

విశాఖపట్టణమున వన్ టౌన్ సందులలో నివసించు జనులు, ఓడరేవునందు ఎత్తుచు దింపుచునుండు బొగ్గు, ఇనుపఖనిజముల ధూళి తమ అరుగులపైనను ఆరవేసిన బట్టలపైనను పేరుకొనుచున్నదని చిరకాలముగా మొరపెట్టుకొనుచున్నారు. ఆ ధూళి పసివారి ఊపిరితిత్తుల నెంతవరకు బాధించుచున్నదను ప్రశ్నను చేపట్టుటకు, 1923లో వెలసి ఆ సమీపముననే యున్న ఆంధ్ర వైద్యకళాశాల ఎం.బి.బి.ఎస్. విద్యార్థులకన్న తగినవారు లేరని నా దృఢవిశ్వాసము.

పరిశోధన యనగానే విలువైన యంత్రములును, విదేశీయ పట్టములును స్ఫురించుట మనకలవాటు. కాని 1869లో బెర్లిను విద్యార్థి పాల్ లాంగర్‌హాన్స్, సూక్ష్మదర్శినిక్రింద క్లోమమును పరిశీలించి, ఇన్సులినునకు జన్మస్థానములని పిమ్మట తేలిన కణసముదాయములను మొదట వర్ణించెను. 1916లో బాల్టిమోరునందు వైద్యవిద్యార్థి జే మెక్లీన్, రక్తమును గడ్డకట్టించు పదార్థమును వెదకుచు, గడ్డకట్టనీయని దానిని చూచి, ఊహకు విరుద్ధమైనదని త్రోసివేయక గురువు హోవెల్ ఎదుట నిలిపినందుననే హెపారినునకు దారి యేర్పడెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ప్రేగులను పీడించు స్ప్రూ వ్యాధి తమ సోదరులను బలిగొన్న దుఃఖమును మరువక, మద్రాసునుండి హార్వర్డునకును, అచటినుండి లెడర్లీ ప్రయోగశాలకును సాగి, ఆ వ్యాధికి ఔషధమైన ఫోలిక్ ఆమ్లమును 1940 దశకమున సహచరులతో గూడి తయారుచేయించిరి. ప్రశ్న ఇంటనే పుట్టినది. ప్రయోగశాల తరువాత దొరకినది.

భారత వైద్య పరిశోధన మండలి 1979 నుండి వైద్యవిద్యార్థులకు రెండు నెలల పరిశోధనవేతనము నొసగుచున్నది. గురువు పర్యవేక్షణమున ప్రణాళిక వ్రాసి, నైతికసంఘము అనుమతి పొంది, పని ముగించి నివేదిక సమర్పింపవలెను. వన్ టౌన్ ప్రశ్నకు ఈ గడువు చాలును. రేవు చెంతనున్న బడిపిల్లలను, దూరమున నున్న పేటల పిల్లలను, తల్లిదండ్రుల సమ్మతితో, చేతిలో నిముడు పీక్ ఫ్లో మీటరులోనికి బలముగా ఊదించి, ఊపిరివేగమును కొలువవచ్చును. అయితే ఇంట కట్టెపొయ్యి యున్నదా, తండ్రి చుట్ట కాల్చునా, బిడ్డకు పూర్వమే ఉబ్బసము గలదా యని విచారింపనిచో, పొగ చేసిన కీడును ధూళికి అంటగట్టు ప్రమాదమున్నది. ఈ వివేచనమే పరిశోధనకు ప్రాణము. రేపు రోగిని పరీక్షించునపుడును అదియే అక్కరకు వచ్చును.

ఇందులకు ధనముకన్న దుర్లభమైనది గురువుగారి తీరిక. శ్రీకాకుళమునుండియు మన్యమునుండియు వచ్చు రోగులతో కిక్కిరిసిన, ఆ కళాశాలకు అనుబంధమైన కింగ్ జార్జి ఆసుపత్రిలో ఆచార్యులు శిష్యుని చిత్తుప్రతి చదువుటకు వేళ యెక్కడిది? ఆ వేళను బోధనలో భాగముగా లెక్కించి, కాలనిర్ణయపట్టికలో చేర్చవలెను. పరీక్షల భయమున విద్యార్థి వెనుదీయకుండునట్లు సెలవుదినములకు ముందే ప్రణాళిక సిద్ధము చేయింపవలెను. తుదకు తేడా కనబడినను కనబడకున్నను, ఆ ఫలితమును నివేదికలోనే దాచక, గొట్టములో ఊదిన పిల్లల తల్లులకు తెలుగున వివరించిరావలెను.