ఇంగ్లీషున వర్ణన వ్రాయుట

ఇంగ్లీషు నేర్చుకొను మన విద్యార్థులలో పెక్కుమంది తప్పులేని వాక్యము వ్రాయగలరు. కాని ఊరి చెరువునో, సంతనో వర్ణింపుమనగానే కంఠస్థము చేసిన వ్యాసములోని మాటలు తెచ్చి కూర్చుదురు. తాము నిత్యము చూచు చెరువు ఆ వ్రాతలో కానరాదు. మన భాష పలుకుతీరునకును, ఇంగ్లీషు పలుకుతీరునకును గల భేదమును గుర్తించినచో ఈ లోపము చాలవరకు తీరును.

మొదటి భేదము క్రియయందున్నది. తెలుగున చుక్కలు మిణుకుమిణుకుమనును, ఆకులు గలగలలాడును, నీరు తళతళ మెరయును. ఈ అనుకరణపదములే దృశ్యమునకు ప్రాణము. ఇంగ్లీషున ఆ పనిని పెక్కుచోట్ల క్రియయే చేయును. చుక్కకు ‘ట్వింకిల్’, ఎండుటాకునకు ‘రస్సిల్’, ఎండపడిన నీటికి ‘గ్లిటర్’, దూరపు మసకదీపమునకు ‘గ్లిమర్’ అను క్రియలు కలవు. ఇవి తెలియనివారు వెలుగు కనబడినచోటనెల్ల ‘షైన్’ అని వ్రాసి, ‘వెరీ బ్రైట్‌లీ’ అని తోక తగిలింతురు. తగిన క్రియ దొరకినచో ఆ తోక అక్కరలేదు.

రెండవది ద్విరుక్తి. ‘చిన్న చిన్న ఇండ్లు’ అనుట మనకు సొంపు. ‘స్మాల్ స్మాల్ హౌసెస్’ అన్నచో ఇంగ్లీషు చదువరికి వింతగా తోచును. అచ్చట బహువచనమే చాలును. మరింత చిన్నవని చెప్పవలెనన్న ‘టైనీ’ అను మాట కలదు.

మూడవది పదముల వరుస. ఇంగ్లీషు విశేషణములు సాధారణముగా అభిప్రాయము, పరిమాణము, వయస్సు, ఆకారము, రంగు, పుట్టినచోటు, పదార్థము అను క్రమమున వచ్చును. చెంబును గూర్చి ‘ఎ స్మాల్ ఓల్డ్ బ్రాస్ పాట్’ అనవలెను. రెండు మూడింటికి మించిన వాక్యము బరువెక్కును. ‘అమ్మమ్మ కాశినుండి తెచ్చిన చెంబు’ అనునప్పుడు తెలుగున కథయంతయు చెంబునకు ముందే నడచును. ఇంగ్లీషున చెంబును ముందు నిలిపి, తెచ్చిన సంగతి పిమ్మట చెప్పవలెను.

ఇక వేనిని చెప్పవలెను? రేడియోలో ఆట వినువానికి మైదానము కనబడదు. బి.బి.సి.లో 1946 మొదలు 1980 వరకు క్రికెట్ వ్యాఖ్యానము చేసిన జాన్ ఆర్లట్ పరుగుల లెక్కతో తృప్తిపడక, ఆకాశమును, ప్రేక్షకులను, ఆటగాని నడకను గూడ మాటలతో చూపెను. మీ చదువరియు అట్టి శ్రోతయే. చెంబు ‘బ్యూటిఫుల్’ అన్నచో అతనికేమియు కనబడదు. అంచున సొట్టను, అడుగున మసిని చెప్పినచో చెంబు కన్నుల యెదుట నిలుచును.

అభ్యాసమునకు ఇంటిలోని వస్తువు నొకదానిని పదినిమిషములు తేరిపార చూచి, దానిపై అయిదు ఇంగ్లీషు వాక్యములు వ్రాయుడు. వస్తువు పేరు చెప్పక ఇంటివారిలో ఇంగ్లీషు తెలిసిన యొకరికి చదివి వినిపించి, బొమ్మ గీయుమనుడు. బొమ్మ ఎచ్చట తప్పునో ఆ వాక్యమును తిరిగి వ్రాయుడు.