పోయిన కాగితం, పాఠమైన బొబ్బిలి

లా ప్రొఫెసర్ పని అంటే పాఠం చెప్పడమేనని చాలామంది అనుకుంటారు. పాఠానికి ముందూ వెనకా చాలా ఉంటుంది. తీర్పు చదవాలి. అందులో సూత్రం ఎంతవరకో, ఆ సందర్భానికి అన్న మాట ఎంతవరకో విడదీయాలి. తర్వాతి తీర్పుల్లో అది ఏ దారి పట్టిందో రాయాలి. చివరికి దాన్ని తరగతిలో పెట్టి విద్యార్థులతో తగువు పెట్టుకోవాలి. బొబ్బిలి పేరు మోసే ఒక తీర్పు మీద ఈ పని నూట పాతికేళ్లుగా నడుస్తోంది. కోట, వీణ, యుద్ధం సంగతి లోకానికి తెలుసు. స్టాంపు చట్టం చెప్పే తరగతిలో మాత్రం బొబ్బిలి అంటే ఒక కాగితం గొడవ.

ఊరి చరిత్ర క్లుప్తంగా ఇదీ. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి సేన, విజయనగరం విజయరామరాజు బలగం కలిసి కోటను నేలమట్టం చేశాయి. బొబ్బిలి రాజు రంగారావు నేలకొరిగాడు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు పగ తీర్చుకున్నాడు. బుర్రకథా సినిమా మిగతాది చెప్పేశాయి. 1802 నాటి శాశ్వత పైసలా ఏర్పాటుతో జమీందారీలు కుదురుకున్నాయి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయాయి. ఆ రెంటి నడుమ జమీందార్ల తగవులు కోటగోడలు దిగి కోర్టుమెట్లు ఎక్కాయి.

అలా ఎక్కినవాటిలో ఒకటి ‘రాజా ఆఫ్ బొబ్బిలి వర్సెస్ ఇనుగంటి చిన సీతారామస్వామి గారు’. ‘గారు’ అన్న మాట లా రిపోర్టులో పేరుతోపాటే అచ్చయింది. అప్పటి చివరి అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1899లో ఇచ్చిన ఈ తీర్పు ఇండియన్ అప్పీల్స్ 26వ సంపుటి 262వ పేజీలోనూ, మద్రాసు లా రిపోర్టుల 23వ సంపుటి 49వ పేజీలోనూ ఉంది. అప్పటి రాజా వెంకట శ్వేతాచలపతి రంగారావు. తన సంస్థాన చరిత్రను ఇంగ్లీషులో పుస్తకంగా రాసుకున్నాయన. చరిత్ర పుస్తకం కన్నా ఆయన సంస్థానం పేరును న్యాయవాదుల నోట ఎక్కువగా పలికించింది ఈ దావాయే అనిపిస్తుంది.

తీర్పులో తేలిన సంగతి చిన్నది. స్టాంపు సరిగా లేని దస్తావేజును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. అయితే దారి మూసేయలేదు: తక్కువపడ్డ సుంకం, దానిపై జరిమానా కడితే తీసుకుంటుంది. మరి అసలు దస్తావేజే లేకపోతే? నకలు పట్టుకొచ్చి, దానికే జరిమానా కడతామంటే? కుదరదని ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. 1879 స్టాంపు చట్టంలోని ఆ సెక్షన్లన్నీ అసలు పత్రం గురించే మాట్లాడతాయి. జరిమానా కట్టినట్టు కోర్టు గానీ కలెక్టరు గానీ దాని మీదే రాయాలి; అలా రాశాకే దానికి సాక్ష్యపు విలువ వస్తుంది. నకలు మీద రాస్తే అసలుకు ప్రాణం రాదు.

తరగతిలో దీన్ని చెప్పే పద్ధతి ఒకటుంది. సెక్షన్ చదివి వినిపిస్తే పిల్లలు నిద్రపోతారు; అద్దె కాగితం కథగా చెబితే లేచి కూర్చుంటారు. ఒకాయన మరొకాయనకు కొట్టు అద్దెకిచ్చి తెల్లకాగితం మీద ఒప్పందం రాసుకున్నాడు. అసలు కాగితం యజమాని దగ్గర, జెరాక్సు అద్దెదారు దగ్గర. చెల్లించాల్సిన స్టాంపు సుంకం 200 రూపాయలనుకుందాం. అసలు కోర్టుకొస్తే పది రెట్లు జరిమానా 2,000, సుంకం 200, మొత్తం 2,200 కట్టి గండం దాటొచ్చు. యజమాని ‘కాగితం పోయింది’ అంటే అద్దెదారు 22,000 కడతానన్నా లాభం లేదు. ఇంతలో వెనక బెంచీ నుంచి ప్రశ్న రాక తప్పదు: దాచిపెట్టినవాడికే లాభమా? మంచి మాస్టారు వెంటనే జవాబు చెప్పడు. ఆ ప్రశ్నను బోర్డు మీద రాసి పక్కన రెండు సంవత్సరాలు వేస్తాడు.

మొదటిది 1969. హిందుస్థాన్ స్టీల్ వర్సెస్ దిలీప్ కన్‌స్ట్రక్షన్ కేసులో సుప్రీంకోర్టు స్టాంపు చట్టాన్ని ఖజానా కోసం చేసిన చట్టంగా చూసింది. ఎదుటివాడిని సాంకేతిక కారణంతో కొట్టడానికి అది ఆయుధం కాకూడదంది. రెండోది 1971. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జూపూడి కేశవరావు వర్సెస్ పులవర్తి వెంకటసుబ్బారావు కేసులో అదే సుప్రీంకోర్టు బొబ్బిలి తీర్పునే ఆసరా చేసుకుంది. స్టాంపు లేని దస్తావేజుకు నకలు గానీ నోటిమాట గానీ సాక్ష్యంగా పనికిరావంది. అంతటితో ఆగలేదు. ఒకసారి సాక్ష్యంగా చేరిన పత్రాన్ని స్టాంపు పేరుతో మళ్లీ ప్రశ్నించకూడదన్న 36వ సెక్షన్ రక్షణ కూడా నకలుకు దక్కదంది. 2007లో హరిఓం అగర్వాల్ కేసులో ఈ సూత్రాన్ని జెరాక్సు కాగితానికీ అన్వయించింది.

1969 నాటి మాటనూ 1971 నాటి మాటనూ పొసగించే చోటే ప్రొఫెసర్ వ్యాసం పుడుతుంది. ఒక వాదన: ఖజానాకు రావాల్సింది వస్తే చాలు కాబట్టి, అసలును ఎదుటివాడే దాచాడని తేలినప్పుడు నకలు మీదనైనా సుంకం తీసుకోనివ్వాలి. ఎదురు వాదన: అలా వదిలితే స్టాంపు ఎగ్గొట్టినవాళ్లంతా అసలు ‘పోగొట్టుకుని’ నకళ్లతో వస్తారు. రెండో వాదనలో బలం ఉంది. మొదటిదాంట్లో న్యాయం ఎక్కువ ఉంది. 2023 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆర్బిట్రేషన్ ఒప్పందాల సందర్భంలో మాట్లాడుతూ, స్టాంపు లేకపోవడం ఒప్పందాన్ని చెల్లనిదిగా చేయదని, అది సరిదిద్దుకోగల లోపమని చెప్పింది. అంతకుముందు ఏప్రిల్‌లో అయిదుగురు జడ్జీలు 3–2 తేడాతో చెప్పిన మాట దాంతో రద్దయింది. సరిదిద్దడానికి అసలు కాగితం చేతిలో ఉండాలిగా అన్న బొబ్బిలి చిక్కు మాత్రం అలాగే ఉంది.

సాక్ష్య చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. నకళ్ల లాంటి ద్వితీయ సాక్ష్యం సంగతి పాత 63, 65 సెక్షన్ల నుంచి 58, 60కి మారింది. నోట్సులన్నీ కొత్త అంకెలతో తిరగరాయక తప్పలేదు. స్టాంపు చట్టం మాత్రం 1879 చట్టం స్థానంలో వచ్చిన 1899 నాటిదే.

ఇలాంటి పని ఉద్యోగపు లెక్కల్లో సరిగా కనపడదు. 2010లో యూజీసీ వ్యాసాలకు, సదస్సులకు పాయింట్లు కట్టే పద్ధతి తెచ్చింది. పాయింట్ల కోసం వచ్చిన వ్యాసాల్లో తీర్పు సారాంశం తప్ప ఏమీ ఉండనివి తక్కువేం కాదు. ఒక పాత తీర్పును పట్టుకుని నెలల తరబడి తవ్వే మాస్టారికి అక్కడ ప్రత్యేక గడి లేదు.

వాల్తేరు నుంచి యేల్ దాకా

అయినా పాయింట్ల లెక్కకు అందని పని చేసిన లా మాస్టార్లు మనకు ఉన్నారు. 1926లో ఏర్పడిన, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం న్యాయశాఖలో పాఠం చెప్పిన బి.ఎస్. మూర్తి రాసిన ‘ప్రాపగాండా అండ్ వరల్డ్ పబ్లిక్ ఆర్డర్’ను 1968లో యేల్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. దేశాలు ప్రచారాన్ని ఆయుధంగా వాడితే అంతర్జాతీయ న్యాయం ఏం చేయగలదన్నది దాని విషయం. ఇదే విశ్వవిద్యాలయంలో చదివి యేల్‌లో డాక్టరేటు తీసుకున్న పెమ్మరాజు శ్రీనివాసరావు ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్‌లో సరిహద్దులు దాటే నష్టాల నివారణపై ప్రత్యేక నివేదికలు ఇచ్చారు; 2001 ముసాయిదా వాటి ఫలితమే. 2008లో మలేషియా–సింగపూర్ ద్వీప వివాదం తీర్పులో అంతర్జాతీయ న్యాయస్థానంలో సింగపూర్ తరఫు తాత్కాలిక జడ్జిగా కూర్చున్నారు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా పనిచేసిన మాడభూషి శ్రీధర్ ఆచార్యులు 2013 నుంచి 2018 దాకా కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్నారు. చట్టాన్ని తెలుగు పత్రికల్లో తెలుగులో రాయడం ఆయన ప్రత్యేకత.

మూడు గంటల నిబంధన

పూర్తికాలం జీతం తీసుకునే లా అధ్యాపకుడు వకీలుగా ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ నియమాలు. వకీలు మాత్రం రోజుకు మూడు గంటలు మించకుండా లా చెప్పవచ్చు. చిన్న ఊళ్లలోని లా కాలేజీలకు ఈ రెండో దారి పెద్ద ఆసరా. పొద్దున కోర్టులో దస్తావేజుకు స్టాంపు అభ్యంతరం లేవదీసిన వకీలే, సాయంత్రం తరగతిలో ఆ అభ్యంతరం ఎక్కడి నుంచి పుట్టిందో చెబుతాడు. అప్పుడు బోర్డు మీద మొదట రాసే పేరు బొబ్బిలిదే.