మంచు మీద ఎరుపు, గోడ మీద నలుపు

హైదరాబాద్‌లో యాకుత్‌పురా నుంచి దబీర్‌పురా దర్వాజా వైపు వెళ్తూ పాత సున్నపు గోడల్ని గమనించండి. పిట్టగోడ తూముల కింద నల్లటి చారలు దిగి ఉంటాయి. పొగ అనుకుంటాం. పొగ పాత్ర లేకపోలేదు గానీ, పొగైతే గోడంతా పట్టాలి. ఈ చారలు వాననీరు జారిన దారినే ఎందుకు పట్టుకున్నట్టు? ఇలాంటి నలుపులో చాలాభాగం సయనోబాక్టీరియాది, అంటే నీలి ఆకుపచ్చ నాచుది.

రంగును చూసి ఇలా పొరబడటం కొత్త కాదు. 1818లో బ్రిటిష్ నావికుడు జాన్ రాస్ ఓడలు గ్రీన్‌లాండ్ తీరం వెంట పోతుంటే కొండచరియల మీద మంచు ఎర్రగా కనిపించింది. ఉల్కల ఇనుమే కారణమని అప్పట్లో ఊహించినవాళ్లున్నారు. అదీ నాచే. ఎండకు అస్టాజాంథిన్ అనే ఎర్ర రంగును కణంలో నింపుకుని, లోపలి పత్రహరితాన్ని కప్పేస్తుంది. వాడుకోగలిగిన దానికన్నా ఎక్కువ వెలుతురు పడితే కణం దెబ్బతింటుంది మరి. ఆ ఎరుపు దానికి గొడుగు.

మన గోడ మీది జీవికి మంచు నాచుతో చుట్టరికం లేదు. దాని కణంలో కేంద్రకమే ఉండదు. అయినా ఎండ బాధ ఒకటే కాబట్టి ఉపాయమూ ఒకటే. కాకపోతే రంగును లోపల కాక, ఒంటి చుట్టూ ఉన్న జిగురు తొడుగులో దాచుకుంటుంది. స్కైటోనెమిన్ అనే ఆ గోధుమ రంగు పదార్థం అతినీలలోహిత కిరణాలను పీల్చేస్తుంది. పొర మీద పొర పేరుకుంటే నల్లగా కనిపిస్తుంది. మే నెల ఎండలకు ఎండిపోయి పడి ఉన్న నాచు, వానాకాలం రాగానే మళ్లీ తిండి వండుకోవడం మొదలుపెడుతుంది.

ఇద్దరిలో అదృష్టం మంచు నాచుదే అనిపిస్తుంది. ముదురు రంగు వేడిని పీలుస్తుంది, మంచు కరుగుతుంది, దానికి కావలసిన నీరు దొరుకుతుంది. ఎర్రబడ్డ మంచు ఒక కరుగు కాలంలో వెలుతురును తిప్పికొట్టే శక్తిని 13 శాతం దాకా కోల్పోతుందని 2016లో ఆర్కిటిక్ అధ్యయనం ఒకటి లెక్కగట్టింది. హిమనదాలకు అది నష్టం. గోడ మీద కథ తిరగబడుతుంది: నలుపు వల్ల గోడ ఇంకా వేడెక్కి, ఉన్న తడి కూడా త్వరగా ఆరిపోతుంది.

ఈ నలుపును వదిలించాలని ఇనుప బ్రష్షుతో గీకితే నాచుతోపాటు సున్నమూ రాలుతుంది. బ్లీచింగ్ కొడితే కణాలు చస్తాయి గానీ, తొడుగులోని రంగు గట్టిది, చచ్చాక కూడా చాన్నాళ్లు నిలుస్తుంది. చారలు నీరు జారిన దారినే పడతాయి కాబట్టి, ముందు బాగుచేయాల్సింది గోడను కాదు, పైనున్న తూమును.