కలలోని కథానాయకుడు

దసరా సెలవులలో ఒకనాటి సాయంకాలం వనపర్తి ప్రాంతం నుండి దంపతులు ఇద్దరు తమ పదహారేళ్ళ కుమార్తెను వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చారు. (వారెవరో తెలియకుండుటకు కొన్ని వివరాలు మార్చి వ్రాస్తున్నాను.) తండ్రికి ఎరువుల దుకాణం ఉన్నది. అమ్మాయి హైదరాబాదులో కళాశాల వసతిగృహంలో ఉండి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నది. జ్వరం లేదు, అజీర్తి లేదు. తల్లి సంచిలో నుండి ఒక నోటు పుస్తకం తీసి బల్లపై పెట్టింది. అందులో ఒక సినిమా కథానాయకుని బొమ్మలు అతికించి, వాటి క్రింద తేదీలు వేసి, తనకు వచ్చిన కలలను ఆ అమ్మాయి వ్రాసుకొన్నది.

"రోజూ ఆయనే కలలకు వస్తడంట. గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించినం. చదువు మాన్పించి సంబంధం చూస్తే నెమ్మదైతదని మా వాళ్ళంటున్నరు. మీరేమంటరు, వైద్యులు గారూ?" అని తండ్రి అడిగాడు. అమ్మాయి తల వంచుకొని గోళ్ళు గిల్లుకొంటూ కూర్చున్నది.

కేవలం కల కారణంగా ఒక బాలిక చదువు ఆగిపోయే స్థితి ఏర్పడినది. ఇటువంటి భయం అనేక గృహాలలో ఉన్నదే కనుక, కలలను గురించి మన శాస్త్రం ఏమి చెప్పినదో, ఇటువంటి సమయంలో పెద్దలు ఏమి చేయవలెనో వివరిస్తాను.

ఇది క్రొత్త విషయం కాదు

ఈనాటి పిల్లలు సినిమాలు చూచి చెడిపోతున్నారని అందరూ అంటారు. కాని కోదాడ సమీపంలోని గుడిబండలో 1923లో జన్మించిన కాంతారావు గారు జానపద చిత్రాలలో కత్తి పట్టి రాకుమారుడుగా తెరపై నిలిచిన కాలాన్ని పెద్దలు ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకోవలెను. అప్పుడు గుడిబండ నల్గొండ జిల్లాలోనిదే. 2016 నుండి సూర్యాపేట జిల్లాలో ఉన్నది. మా ఊరికి టూరింగ్ టాకీసు గుడారం వచ్చినపుడు సినిమా పాటల పుస్తకాలు అమ్మేవారు. మా పెద్దక్కయ్య ఆ పుస్తకం అట్ట మీది కాంతారావు గారి బొమ్మను కత్తిరించి, తన ట్రంకు పెట్టె మూత లోపల అతికించుకొన్నది. ఆమె చెడిపోలేదు. నేడు మనుమలు, మనుమరాండ్రతో చల్లగా ఉన్నది. తెర మీది ఆ రాకుమారుడు మాత్రం చిత్రనిర్మాణంలో నష్టపోయి, చివరి రోజులలో ఇబ్బందులు పడి, 2009లో పరమపదించారు. బొమ్మకు, మనిషికి ఇంతటి దూరం ఉంటుంది.

ఇప్పటి తరం వారికి విజయ్ దేవరకొండ వంటి వారున్నారు. ఆయన కుటుంబం అచ్చంపేట ప్రాంతానిదే. 2017లో వచ్చిన 'అర్జున్ రెడ్డి' చిత్రంతో ఎందరో యువతీయువకుల గదుల గోడల మీదికి ఆయన బొమ్మ ఎక్కినది. మగపిల్లలు కథానాయికల బొమ్మలను, క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలను దాచుకొంటారు. బొమ్మ ట్రంకు పెట్టెలో నుండి చేతి ఫోనులోకి మారినది, మనసు మారలేదు.

కలలు ఏడు విధములు

చరకాచార్యులు ఇంద్రియస్థానం అయిదవ అధ్యాయంలో స్వప్నాలను ఏడు విధాలుగా విభజించారు. చూచిన దానిని గురించి వచ్చేది దృష్టము. విన్న దానిని గురించి వచ్చేది శ్రుతము. అనుభవించిన దానిని గురించి వచ్చేది అనుభూతము. కోరుకొన్నది వస్తే ప్రార్థితము. ఊహించుకొన్నది వస్తే కల్పితము. రాబోయే దానిని సూచించేది భావికము. వాత పిత్త కఫాల ప్రకోపం వలన కలిగేది దోషజము.

వీటిలో మొదటి అయిదు విధాల కలలకు ఫలం లేదని ఆచార్యులు స్పష్టంగా చెప్పారు. పగటి నిద్రలో వచ్చినవి, మిక్కిలి చిన్నవి, మిక్కిలి దీర్ఘమైనవి కూడ నిష్ఫలమే. ఈ అమ్మాయి కల ఏ కోవకు చెందుతుంది? ఆ నటుని తెరపై చూచింది, అతని మాటలు విన్నది, అతనిని తలచుకొన్నది, ఊహించుకొన్నది. కనుక దృష్ట, శ్రుత, ప్రార్థిత, కల్పితాలలోనిదే. అది జరుగబోయే వివాహానికి సూచన కాదు. గాలి ధూళి కాదు. శీలదోషానికి సాక్ష్యం అంతకన్నా కాదు.

మన ప్రాంతంలో కలకు గౌరవం ఎక్కువ. యాదగిరిగుట్ట స్వామిని వైద్య నరసింహుడని కొలుస్తాము. దీర్ఘవ్యాధులతో వచ్చిన భక్తులు మండలం రోజులు కొండపై ఉండి ప్రదక్షిణలు చేస్తారు. స్వామి కలలో కనిపించి స్వస్థత చేకూరుస్తాడని విశ్వాసం. ఆ విశ్వాసాన్ని నేను కాదనను. కాని నిష్ఫలమైన కలను భావికమని భ్రమించి, దానిని చూచి భయపడి, బిడ్డ భవిష్యత్తును నిర్ణయించుట శాస్త్రసమ్మతం కాదు.

ఇక ఇష్టం మాట. మనసులో అణచుకోవలసిన వేగాలను చెబుతూ చరకుడు లోభం, శోకం, భయం, క్రోధం, ఈర్ష్య మొదలైన వాటితో పాటు అతిరాగాన్ని చేర్చారు. 'అతి' అన్న మాటను గమనించవలెను. ఇష్టపడుట వ్యాధి కాదు, హద్దు మీరుట వ్యాధి. ముప్పది ఏళ్ళు వచ్చేవరకు మనసు సాధారణంగా నిలకడ లేకుండునని కూడ ఆయనే విమానస్థానంలో చెప్పారు. పదహారేళ్ళ పిల్ల మనసు నిలకడగా లేదని మనం ఆశ్చర్యపోవుట ఎందుకు?

నవీన శాస్త్రజ్ఞుల మాట

1953లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఎసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు నిద్రలో కొంతసేపు మూసిన రెప్పల క్రింద కనుగ్రుడ్లు వేగంగా కదులుతాయని, ఆ సమయంలో లేపితే మనుషులు కలలు చెబుతారని ప్రకటించారు. ఈ రకపు నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. అందువలన తెల్లవారుజామున బలవంతంగా లేపబడిన వారికి కల సగంలో తెగి బాగా జ్ఞాపకం ఉంటుంది. గాఢనిద్ర లేనివాడే కలలు చూచునని చరకుడు చెప్పిన మాటను ఇక్కడ తలచుకోవచ్చును.

1956లో హోర్టన్, వోల్ అను మరి ఇద్దరు అమెరికా పరిశోధకులు ఇంకొక విషయం వ్రాశారు. తెరపై మనవైపు చూచి మాట్లాడే వ్యక్తితో ప్రేక్షకునికి చిరకాల స్నేహం ఉన్న భావన కలుగుతుందని, అది ఒకవైపు స్నేహమని వారు వివరించారు. మనవైపు నుండి అన్నీ ఉంటాయి. అవతలి వారికి మన పేరైనా తెలియదు. పెరిగే వయసులో మనసు ఇటువంటి నిరపాయమైన దూరం నుండి ఇష్టపడుట నేర్చుకొంటుంది. చాలమంది పిల్లలలో ఇది దానంతట అదే సన్నగిల్లుతుంది.

ఉష కల, చిత్రలేఖ ఓర్పు

భాగవతంలో బాణాసురుని కుమార్తె ఉష కలలో ఒక యువకుని చూచి కలత చెందింది. చెలికత్తె చిత్రలేఖ ఆమెను వెక్కిరించలేదు. దేవతల, గంధర్వుల, రాజకుమారుల బొమ్మలు ఒకటొకటిగా గీచి "ఇతడా?" అని చూపుతూ పోయింది. అనిరుద్ధుని బొమ్మ రాగానే ఉష మనసులోనిది బయటపడింది. తండ్రి బాణుడు మాత్రం విషయం తెలియగానే ఆగ్రహించి అనిరుద్ధుని బంధించాడు. అది శ్రీకృష్ణునితో యుద్ధానికి దారితీసి, చివరకు తన బాహువులనే పోగొట్టుకొన్నాడు.

ఆ కథలో ఉష చూచినవాడు ఆమెకు లభించాడు. మన పిల్లల కలలోని వారు లభించరు. అయినా వైద్యునికి, తల్లిదండ్రులకు ఇందులో ఒక పాఠం ఉన్నది. కోప్పడిన తండ్రికి యుద్ధం మిగిలింది. ఓర్పుగా అడిగిన చెలికి నిజం తెలిసింది.

నేను అడిగిన ప్రశ్న

నేను కూడ చిత్రలేఖ మార్గాన్నే అనుసరించాను. తలుపు తెరచియుంచి, తల్లిదండ్రులను వరండాలో కూర్చోమని చెప్పి, "బిడ్డా, కలలో ఆయన వచ్చి ఏం చేస్తడు?" అని అడిగాను. చాలసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా చెప్పింది: "హాస్టల్ గేటు కాడికి కారులో వస్తడు తాతా. వార్డెన్ మేడంతోని మాట్లాడుతడు. నన్ను ఇంటికి తోల్కపోతడు."

"తరువాత?"

"ఇల్లు రాకముందే గంట కొడతరు. మెలకువ వస్తది."

ఆ వసతిగృహంలో రాత్రి పదకొండున్నర వరకు చదివించి, తెల్లవారుజామున నాలుగున్నరకే గంట కొట్టి లేపుతారట. ఆమె నిద్ర రోజుకు అయిదు గంటలు. ప్రతిరోజు గంట కలను సగంలో తెంచుతున్నది; అందువలన ప్రతి కల గుర్తుండిపోతున్నది. నాడి చూడగా వాతం ప్రకోపించి ఉన్నది. ఉదయపు ఫలహారం చాల రోజులుగా మానేసింది. ఆ నోటు పుస్తకమంతా మరల చదివితే నటుడు ఒక వాహకుడు మాత్రమే. అమ్మాయి కోరుకొన్నది ఇల్లు.

తల్లిదండ్రులను లోపలికి పిలిచి, అమ్మాయి అనుమతితో ఈ మాట చెప్పాను. తండ్రి కొంతసేపు నోటు పుస్తకం వైపు చూచి, "జూన్ల దింపినంక మళ్ళ నేను పోనే లేదు" అన్నాడు. నేను ఆ పూట ఇంకేమీ బోధించలేదు. పద్దెనిమిదేళ్ళు నిండని బాలికకు వివాహం చేయుట 2006 నాటి చట్టం ప్రకారం నేరమని మాత్రం గుర్తు చేశాను.

గృహంలో పాటించవలసినవి

నిద్ర: ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలు. 13 నుండి 18 ఏళ్ళ వారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని నేటి వైద్యులు నిర్ణయించారు. పరీక్షల పేరిట దానిని సగానికి తగ్గించరాదు.

ఫోను: పడుకొనుటకు ఒక గంట ముందు ఫోనును పక్కన పెట్టవలెను. పిల్లలదే కాదు, పెద్దలది కూడ హాలులోనే ఉంచవలెను. రాత్రి చివరగా చూచినది కలలో మొదట వచ్చుట సహజం.

ఆహారం: రాత్రి ఎనిమిది గంటల లోపల జొన్నరొట్టె, ఆకుకూర పప్పు వంటి తేలిక భోజనం మంచిది. రాత్రిపూట పెరుగు, మిరపకాయ బజ్జీల వంటి వేపుళ్ళు కూడవు. సాయంత్రం నాలుగు దాటిన తరువాత టీ, కాఫీ ఇవ్వరాదు. జీర్ణశక్తి బాగున్నవారు, దగ్గు, కఫం లేనివారు పడుకొనుటకు ముందు ఒక చిన్న గ్లాసు గోరువెచ్చని గేదెపాలు తాగవచ్చును. నిద్ర పట్టనివారికి గేదెపాలు హితమని చరకుని మాట.

పాదాభ్యంగం: ఒక చెంచా నువ్వుల నూనెను కొద్దిగా వేడిచేసి, అరికాళ్ళకు అయిదు నుండి పది నిమిషాలు మృదువుగా మర్దించవలెను. తల, చెవులు, పాదాలకు అభ్యంగం విశేషంగా చేయవలెనని, దాని వలన మంచి నిద్ర కలుగునని వాగ్భటాచార్యులు చెప్పారు. ఇంట ఉన్న రోజులలో తల్లి స్వయంగా చేస్తే మరీ మంచిది. ఆ పది నిమిషాలలో పిల్లలు చెప్పే మాటలు ఇంకెప్పుడూ చెప్పరు.

మాట: బొమ్మలు చింపరాదు, డైరీ దొంగతనంగా చదువరాదు, బంధువుల ఎదుట నవ్వరాదు. "ఆయనలో నీకు నచ్చినదేమిటి?" అని ఒక్కసారి అడిగి వినవలెను. ధైర్యమనో, మంచితనమనో, నృత్యమనో చెబుతారు. ఆ గుణం వైపు పిల్లలను నడిపించుటయే సత్త్వావజయం, అనగా అహితమైన విషయాల నుండి మనసును మరల్చే చికిత్స.

ఔషధం: బ్రాహ్మీ ఘృతం, సారస్వతారిష్టం, అశ్వగంధ చూర్ణం వంటివి ప్రకటనలు చూచి కొని ఇవ్వరాదు. అరిష్టాలలో పులియుట వలన పుట్టిన మద్యసారం ఉంటుంది. వైద్యుడు ప్రకృతిని, వయసును, అగ్నిబలాన్ని పరీక్షించిన తరువాతనే ఇవ్వవలెను.

ఉపేక్షింపరాని లక్షణాలు

రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి తగ్గిపోవుట. స్నేహితులను, చదువును పూర్తిగా విడిచిపెట్టుట. ఆ నటుడు తెర మీద నుండి తనకే రహస్య సంకేతాలు పంపుచున్నాడని గట్టిగా నమ్ముట. తనను తాను గాయపరచుకొనుట. చనిపోవలెనని అనుట – వీటిలో ఏది కనిపించినా గృహవైద్యంతో కాలయాపన చేయరాదు. వెంటనే మానసిక వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాట్లాడవచ్చును.

ఇంకొక ప్రమాదం ఉన్నది. నటుల పేరిట నకిలీ ఖాతాలు తెరచి పిల్లలతో స్నేహం నటించి, డబ్బు, ఛాయాచిత్రాలు అడిగే మోసగాళ్ళున్నారు. అటువంటిది జరిగితే బిడ్డను దండించక, 1930 నంబరుకు ఫిర్యాదు చేయవలెను. ఇంట తిట్లు పడతాయని భయపడే పిల్లలే ఇటువంటి వారికి మొదట చిక్కుతారు.

ఆ అమ్మాయికి నేను ఇచ్చినది పాదాభ్యంగం, వేళకు భోజనం, నిద్ర మాత్రమే. తండ్రి కళాశాల వారితో మాట్లాడి లేచే వేళను ఆరు గంటలకు మార్పించుకొన్నాడు. నెలలో రెండు ఆదివారాలు స్వయంగా వెళ్ళసాగాడు. సంక్రాంతికి మరల వచ్చినపుడు అమ్మాయి ముఖంలో తేటదనం కనిపించింది. కలలు వస్తున్నాయా అని అడిగితే నవ్వి, "ఎప్పుడన్న ఒకసారి వస్తయి తాతా. మొన్న నాన్న బస్సుల వచ్చిండు" అన్నది.

నటుని బొమ్మ ఆమె బీరువా తలుపు మీద ఇప్పటికీ ఉన్నదట. ఉండనివ్వమని తల్లికి చెప్పాను.