నీటివైపు వాకిలి

ఒక క్రొత్త ఊరు చూడబోవువాడు సాధారణముగా రైలు దిగియో, బస్సు దిగియో అందు ప్రవేశించును. అతనికి మొదట కనబడునవి స్టేషను, సంత, పెద్దవీధి. కాని కొన్ని ఊళ్లు వీధిని నమ్ముకొని పుట్టినవి కావు. నీటిని నమ్ముకొని పుట్టినవి. రోడ్లును రైళ్లును రాకపూర్వము అచ్చటికి సరకులు, మనుష్యులు, ఉత్తరములు, తుదకు సైన్యములు కూడ నీటిమీదనే వచ్చినవి. అట్టి ఊరికి రేవే అసలైన వాకిలి. ఆ వాకిట అడుగుపెట్టినవానికి ఊరి కథ మొదటినుండి తెలియును. ఉత్తర అమెరికాలోని షాంప్లేను సరస్సు తీరమున ఇట్టి చిన్న పట్టణములు పెక్కు కలవు. వేసవి రాగానే కొన్ని కుటుంబములు తెరచాప పడవనే ఇల్లుగా చేసికొని, రేవునుండి రేవునకు సాగుచు, ఆ పట్టణములను చూచుచు కాలము గడుపుదురు.

షాంప్లేను సరస్సు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూయార్కు, వెర్మాంటు రాష్ట్రముల నడుమ ఉత్తర దక్షిణములుగా సాగియున్నది. దాని ఉత్తరపు కొన కెనడా దేశములోనికి పోవును. నిడివి సుమారు 193 కిలోమీటర్లు. వెడల్పు మిక్కిలి ఎక్కువగా ఉన్నచోట సుమారు 19 కిలోమీటర్లు. లోతు ఒకచోట 120 మీటర్లవరకు ఉండును. మన కొల్లేటిలో గడ వేసి పడవ నడపవచ్చును. ఇచ్చట నడిసరస్సున ఎంత పొడవైన గడకైనను అడుగు అందదు. తూర్పున వెర్మాంటులోని పచ్చని కొండలు, పడమట అడిరోండాకు పర్వతములు దీనికి రెండు గోడలవలె నిలిచియున్నవి. దీని నీరు ఉత్తరముగా ప్రవహించి, రిషెల్యూ నది ద్వారా సెయింట్ లారెన్సు నదిలో కలియును. 1609లో ఫ్రెంచి అన్వేషకుడగు సామ్యుయెల్ ద షాంప్లేను ఇచ్చటికి వచ్చి తన పేరు పెట్టెను. అంతకు ఎన్నో తరములకు ముందే అబెనాకీలు, మోహాకులు మొదలగు ఆదివాసులు చెట్టుబెరడు పడవలలో దీనిపై తిరుగాడుచుండిరి.

తొమ్మిది పది మీటర్ల పొడవుగల తెరచాప పడవలో నలుగురు మనుష్యులు నెలల తరబడి నివసింపవచ్చును. అయితే ఆ ఇంటి పద్ధతి వేరు. పగలు కూర్చుండు బల్లలే రాత్రి మంచములగును. బల్లల క్రింది అరలలో బియ్యము, పిండి, బట్టలు, త్రాళ్లు ఉండును. పడవ ఒరిగినను గిన్నెలు దొర్లకుండుటకై పొయ్యిని ఇరుసులపై ఊగునట్లు అమర్తురు. ఏ వస్తువునకు ఏర్పరచిన చోట ఆ వస్తువు ఉండవలెను. లేనిచో గాలి మొదలుకాగానే అది క్రింద పడి పగులును. మంచినీరు ఒక చిన్న తొట్టిలోనిదే కావున చెంబెడు నీటితో చేయదగిన పనికి రెండవ చెంబు ముట్టుకొనరు. చెత్తను రేవు చేరువరకు సంచిలో దాచవలెను. మరుగుదొడ్డి నీటిని సరస్సులో వదలుట చట్టవిరుద్ధము. దానిని వేరొక తొట్టిలో నిలువచేసి, రేవులలో ఉండు పంపు ద్వారా ఒడ్డునకు తోడించుదురు. నేలమీది ఇంటిలో కంటికి కనబడక జరిగిపోవు పనులన్నియు ఇచ్చట కంటియెదుట జరుగును.

ఈ ఇంటిని కదలించునది గాలి. గాలి వీచువైపునకే తెరచాప పడవ పోవునని పలువురు తలంతురు. అది నిజము కాదు. పడవ అడుగున నీటిలోనికి దిగియుండు బరువైన పలక ఒకటి కలదు. గాలి తెరచాపను ప్రక్కకు నెట్టగా, ఈ పలక పడవను ప్రక్కకు జారనీయదు. అందుచేత ఆ బలము పడవను ముందునకు నడుపును. అయినను గాలికి సూటిగా ఎదురుపోవుట సాధ్యము కాదు. కొంతదూరము కుడికి, కొంతదూరము ఎడమకు వంకరటింకరగా సాగుచు ఎదురుగాలిని జయింపవలెను. గాలి మరీ హెచ్చినచో చాపను కొంత దింపి మడిచి కట్టుదురు. ఈ సరస్సుపై గాలి తరచు దక్షిణమునుండియో ఉత్తరమునుండియో లోయ వెంబడి వీచును. అడ్డులేక చాలదూరము వచ్చిన గాలి పెద్ద అలలను లేపును. వేసవి సాయంకాలములందు పడమటి పర్వతములమీదుగా ఉరుముల వానలు వచ్చుటయు కలదు. కావున ప్రతి దినమును నావికుడు ఒక ప్రశ్న వేసికొనును: ఈ రాత్రి గాలి ఎటునుండి వీచును? దానికి ఏ ఒడ్డు అడ్డము నిలుచును? అట్టి మూల వెదకి లంగరు వేయును. లంగరు త్రాడును నీటి లోతునకు అయిదారు రెట్లు వదలినగాని అది అడుగున గట్టిగా నాటుకొనదు.

సరస్సు దక్షిణపు కొనయందు వైట్‌హాలు అను చిన్న పట్టణము కలదు. 1823లో ఇచ్చటినుండి హడ్సను నదికి ఒక కాలువ త్రవ్విరి. ఆ నది న్యూయార్కు నగరమునొద్ద సముద్రమున కలియును. అనగా ఆ కాలువతో ఈ సరస్సు తీరపు ఊళ్లన్నిటికిని మహానగరపు అంగడి తలుపు తెరచుకొన్నది. కలప, ఇనుప ఖనిజము, చలువరాయి దక్షిణమునకు పోయినవి. బొగ్గు, ఇంటి సామగ్రి ఉత్తరమునకు వచ్చినవి. అయితే ఇందొక చిక్కు కలదు. సరస్సుపై తెరచాప కావలెను. కాలువపై వంతెనలు తక్కువ ఎత్తున ఉన్నందున తెరకొయ్య అడ్డమగును. ఈ చిక్కు తీర్చుటకు అచ్చటి వడ్రంగులు ఒక క్రొత్తరకపు పడవను నిర్మించిరి. దాని తెరకొయ్యలను దింపవచ్చును. అడుగు పలకను పైకి లాగవచ్చును. సరస్సుపై అది ఓడవలె సాగును. కాలువలో పశువులు గట్టువెంట నడచి త్రాటితో దానిని లాగును. మన తీరాంధ్రపు కాలువలలో మనుష్యులే గట్టుమీద నడచుచు త్రాళ్లతో పడవలను లాగిన రోజులు పెద్దలు ఎరుగుదురు. ఆ కాలువ పడవల వెనుకభాగమున ఒక చిన్న గది ఉండెడిది. సరంగు భార్యాబిడ్డలతో అందే కాపురముండెను. నేడు వేసవి వినోదముగా సాగు పడవ కాపురము నాడు పొట్టకూటి కాపురము. నేటికిని హడ్సను వైపునుండి వచ్చు తెరచాప పడవలు కొయ్యను దింపి పైన పరుండబెట్టుకొనియే ఈ కాలువను దాటవలెను.

వైట్‌హాలునుండి ఉత్తరముగా పోవునప్పుడు సరస్సు మొదట నదివలె ఇరుకుగా ఉండును. ఫ్రెంచివారు 1755లో కట్టుట మొదలిడిన టైకాండెరోగా కోటను దాటిన పిమ్మట అది క్రమముగా వెడల్పగును. తూర్పు ఒడ్డున ఆటర్ క్రీకు అను ఏరు వచ్చి కలియుచోట లోపలికి తిరిగి, సుమారు 12 కిలోమీటర్లు మెలికలు తిరిగిన నీటిలో పోగా ఒక జలపాతము అడ్డగించును. ఆ జలపాతపు ప్రక్కనే వెర్జెన్సు పట్టణము కలదు. జనసంఖ్య మూడువేలకు లోపే అయినను 1788నుండి దానికి నగరమను హోదా కలదు. ఊరు అచ్చటనే ఏల పుట్టెనని అడిగినచో జలపాతమే సమాధానము చెప్పును: పడవ అంతకు ముందుకు పోలేదు, పడు నీరు మరలను త్రిప్పగలదు. 1814లో బ్రిటిషువారితో యుద్ధము జరుగుచుండగా అమెరికా నౌకాధిపతి థామస్ మెక్‌డొనో ఈ మరుగైన ఏటి ఒడ్డుననే తన నౌకలను సిద్ధపరచెను. అందు సారటోగా అను యుద్ధనౌక నలువది దినములలో తయారయ్యెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 11న ప్లాట్స్‌బర్గు రేవులో ఆ నౌకలే గెలుపొందినవి.

పడమటి ఒడ్డున ఎసెక్సు గ్రామము కనబడును. రేవునుండి పైకి నడచినచో నూటయేబది యేండ్లకు పైబడిన రాతి ఇండ్లు, ఇటుక ఇండ్లు, తెల్లని చెక్క ఇండ్లు ఇరుప్రక్కల నిలిచియుండును. ఇది ఒకప్పుడు పడవలు కట్టిన ఊరు. రైలు మార్గము వచ్చిన పిమ్మట నీటి వర్తకము సన్నగిల్లెను. క్రొత్త కట్టడములకు ధనము లేకపోవుటచే పాత ఇండ్లను పడగొట్టువారు లేకపోయిరి. ఆ విధముగా లేమియే ఊరి అందమును కాపాడినది.

ఎసెక్సులో 1862లో కట్టిన పడవలలో జనరల్ బట్లరు అనునది ఒకటి. దాని కథకు ఎదుటి ఒడ్డున, వెర్మాంటులోని బర్లింగ్టను రేవులో ముగింపు కలదు. బర్లింగ్టను ఒకప్పుడు పెద్ద కలప రేవు. దాని ముందు అలలను ఆపుటకు నీటిలో ఒక రాతిగోడ కట్టియున్నారు. 1876 డిసెంబరు 9వ తేదీన జనరల్ బట్లరు ఉత్తరమునగల ఐల్ లా మోటు ద్వీపమునుండి చలువరాళ్లు నింపుకొని వచ్చుచుండగా తుపానుగాలి వీచెను. చుక్కాని త్రిప్పు సాధనము విరిగెను. సరంగు లంగరు వేసెను, లంగరు నిలువలేదు. అతడు త్రాడు కోయించి, ఒక కొయ్యను గొలుసుతో బిగించి దానినే చుక్కాని పిడిగా త్రిప్పుచు గోడను దాటింపజూచెను. పడవ గోడకు కొట్టుకొనెను. అల లేచినప్పుడెల్ల పడవ గోడ ఎత్తునకు లేచుచుండెను. ఆ క్షణమునే చూచుకొని, లోనున్నవారు ఒక్కొక్కరుగా మంచుకట్టిన రాళ్లపైకి దూకిరి. వారిలో సరంగు కుమార్తెయు, ఆమె స్నేహితురాలును, ఒక పనివాడును, గాయపడి వైద్యమునకై వచ్చుచున్న గనికార్మికుడును ఉండిరి. సరంగు అందరికంటె వెనుక దూకెను. వెంటనే పడవ మునిగిపోయెను. కాని గోడపై నిలిచినవారు చలికి గడ్డకట్టుచుండిరి. అది చూచి జేమ్సు వేక్‌ఫీల్డు అను పడవ సామానుల వర్తకుడు తన కుమారునితో చిన్న పడవలో తెడ్లు వేసికొనిపోయి అయిదుగురిని ఒడ్డు చేర్చెను. మునిగిన పడవ 1980లో గజ ఈతగాండ్రకు కనబడెను. నేటికిని అది సుమారు 12 మీటర్ల లోతున, మోసికొని వచ్చిన రాళ్లతోనే నిలిచియున్నది.

బర్లింగ్టనుకు ఉత్తరముగా వాల్కూరు ద్వీపము కలదు. దాని చుట్టును అన్ని వైపుల చిన్న మూలలు ఉండుటచే గాలి ఎటు వీచినను లంగరు వేయుటకు ఒక చోటు దొరకును. 1776 అక్టోబరు 11న అమెరికా స్వాతంత్ర్య యుద్ధములో ఈ ద్వీపపు మాటుననే నౌకాయుద్ధము జరిగెను. అందు మునిగిన ఫిలడెల్ఫియా అను చిన్న యుద్ధపు పడవను 1935లో పైకి తీసిరి. ఇంకను ఉత్తరమున ఐల్ లా మోటు ద్వీపము కలదు. అచ్చటి పాత రాతిగనిలో నడచువారి కాళ్లక్రింద నలువదియైదు కోట్ల సంవత్సరములకు పైబడిన సముద్రజీవుల గుర్తులు రాతిలో కనబడును. ఇప్పుడు మంచు కురియు ఈ ప్రదేశము అప్పుడు వెచ్చని సముద్రగర్భము.

ఈ విధముగా రేవు రేవున ఒకే ప్రశ్న అడుగుచు పోవుట ఈ యాత్రలోని చదువు: ఈ ఊరు ఇచ్చటనే ఏల పుట్టెను? ఒకచోట జలపాతము, ఒకచోట రాతిగని, ఒకచోట మాటుగల రేవు సమాధానము చెప్పును. నీటివైపునుండి వచ్చినవానికి ఈ సమాధానములు ముందుగా కనబడును.

అయితే ఆ వాకిలి ఇప్పుడు నిర్మలముగా లేదు. పొలములలోని ఎరువులు, పశువుల పేడ, పట్టణముల మురుగు వానతో కొట్టుకొనివచ్చి సరస్సున చేరుటచే భాస్వరము హెచ్చినది. దానిని తిని, వేసవిలో కొన్ని లోతు తక్కువ మూలలలో నీలియాకుపచ్చని నాచువంటి పదార్థము దట్టముగా పెరుగుచున్నది. అది విషమగుట కలదు. అట్టి దినములందు స్నానపు రేవులు మూసివేయుదురు. 1993లో ఇచ్చట మొదట కనబడిన చారల ఆలుచిప్పలు పరదేశపు జీవులు. నేడు అవి గొట్టములను, మునిగిన పాత పడవలను గూడ కప్పివేయుచున్నవి. ఈ సరస్సు నీటినే లక్షకు పైగా జనులు త్రాగుచున్నారు.

పడవలో వేసవి గడపిన బాలుడు తన చేత వాడబడిన ప్రతి చెంబు నీటిని ఎరుగును. తన ఇంటి మురుగు ఎచ్చటికి పోవునో ఎరుగును. ఒడ్డుననున్న ఊరివాడు దానిని మరచుట సులభము, ఏలయన అతని ఇల్లు నీటికి వీపు త్రిప్పినది. ఊళ్లు పుట్టించిన నీటివైపు మరల ముఖము త్రిప్పి చూచుటయే ఆ సరస్సునకును, ఆ ఊళ్లకును రక్ష.