స్ట్రాంబోలి ద్వీపయాత్రకు పూర్వము

ఐరోపాఖండమునకు సెలవులలో పోయివచ్చు తెలుగు కుటుంబములు నేడు తక్కువగా లేవు. రోము, వెనిసు, పారిసు నగరముల వర్ణనలు మన యిండ్లలో వినుచునే యున్నాము. ఒకమారు పెద్ద నగరములను చూచివచ్చినవారిలో కొందరు, రెండవమారు జనసమ్మర్దము లేని చిన్న దీవిలో నాలుగుదినములు గడపవలెనని కోరుచుందురు. అట్టి సోదరీమణుల కొఱకు మధ్యధరాసముద్రములోని స్ట్రాంబోలి ద్వీపమును గూర్చి మే మిచ్చట వ్రాయుచున్నాము. ఇది నిప్పుకొండ గల దీవి యనుట చాలదు, దీవియే నిప్పుకొండ.

ఇటలీదేశమునకు దక్షిణమున నున్న సిసిలీకి ఉత్తరముగా, ఎయోలియను ద్వీపము లను పేర ఏడు చిన్న దీవులు గలవు. వానిలో స్ట్రాంబోలి యొకటి. దాని వైశాల్యము సుమారు 12 చదరపు కిలోమీటర్లు మాత్రమే. సముద్రముపై కనబడు కొండ యెత్తు 924 మీటర్లు. నీటిక్రింద నింకను సుమారు రెండువేల మీటర్ల లోతువఱకు ఆ కొండయే దిగియున్నది. రెండువేల యేండ్లకు పైబడి ఈ కొండ ఇంచుమించు విరామము లేకుండ నిప్పులు చిమ్ముచున్నది. సామాన్యముగా పది యిరువది నిమిషముల కొకసారి చిన్న పేలుడు వినబడును. పూర్వము నావికులు రాత్రివేళ దీని వెలుగును చూచి దారి తెలిసికొనుచుండుటచే, దీనికి మధ్యధరాసముద్రపు దీపస్తంభమని పేరు వచ్చినది. జూల్సు వెర్ను 1864లో ప్రకటించిన భూగర్భయాత్ర కథలోని ప్రయాణికులు తుదకు భూమిపైకి వచ్చి పడునది ఈ కొండనుండియే. మన పిల్లలకు నిప్పుకొండ యనగానే దూరదేశపు వింతగా తోచును గాని, రాజమహేంద్రవరము దగ్గర కాటేరు గనులలోని నల్లరాయి కూడ దాదాపు ఆరున్నరకోట్ల యేండ్ల క్రిందట కరగి ప్రవహించి గడ్డకట్టినదే. ప్రయాణమునకు ముందొక ఆదివారమునాడు దానిని చూపించినచో పిల్లలకు సగము పాఠము అక్కడనే పూర్తి యగును.

ఇట్టి ప్రయాణమును తలపెట్టినప్పుడు చాలమంది మొదట టిక్కెట్ల ధర విచారింతురు. మా యభిప్రాయమున మొదట విచారింపవలసినది కొండ నడవడి. ఈ కొండ సామాన్యముగా సాధువే గాని, ఎల్లప్పుడు కాదు. 2002వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీని కొండ ప్రక్క నొక భాగము జారి సముద్రములో పడగా సునామి పుట్టి ఊరి తీరము నంతను ముంచెత్తినది. శీతకాల మగుటచే తీరమున జనము లేక ప్రాణనష్టము తప్పినది. 2019 జూలై 3వ తేదీ మధ్యాహ్నానంతరము హఠాత్తుగా గొప్ప ప్రేలుడు కలిగి, కొండదారిని నడచుచున్న యొక యాత్రికుడు మరణించెను; ఆగస్టు 28వ తేదీని మఱల నట్టిదే జరిగినది. అప్పటినుండి శిఖరాగ్రమునకు యాత్రికులను పోనిచ్చుట మానిరి. మార్గదర్శకుని వెంట కొంత యెత్తువఱకు, మార్గదర్శకుడు లేనిచో మఱికొంత తక్కువ యెత్తువఱకు మాత్రమే పోనిత్తురు. కొండ స్థితిని బట్టి ఈ హద్దులు మారుచుండును. ఒక్కొకప్పుడు దారి పూర్తిగా మూసివేయబడును. కావున బయలుదేరుటకు ముందొకసారి, దీవిలో దిగినపిమ్మట నొకసారి విచారించుట యవసరము. శిఖర మెక్కుటయే ముఖ్యోద్దేశముగా పెట్టుకొని పోవువారు నిరాశపడుదురు. కొండను చూచుటకు పోవువారికి నిరాశ లేదు.

ఇంటిలో నెవరెవరు పోవలెనను ప్రశ్నకు సమాధానము దీనినుండియే వచ్చును. పదేండ్లు దాటి నడక యలవాటు గల పిల్లలకు ఈ దీవి స్వర్గమే. చంటిబిడ్డలతో పోవుట మాకంత సమ్మతము కాదు. మోకాళ్ళనొప్పులు గల అత్తగారిని గాని, గుండెజబ్బు గల మామగారిని గాని తీసికొనిపోదలచినచో, ఊరిలోని సందులన్నియు ఎగుడుదిగుళ్ళనియు, పెద్దవైద్యము కావలసినచో లిపారి దీవికో సిసిలీకో తరలింపవలసియుండుననియు ముందే తెలిసికొనవలెను. అట్టివారికి లిపారిలో బస యేర్పాటుచేసి, అచ్చటినుండి ఒకదినము వచ్చిపోవుట సుఖము. ఊరిలో ప్రమాదమును తెలుపు సైరనులు గలవు. అవి మ్రోగినప్పుడు తీరము విడిచి యెత్తైన చోటికి పోవలెను. దారిచూపు పలకలు వీథులలో నుండును. దిగిన మొదటి సాయంకాలమే పిల్లలను వెంటబెట్టుకొని ఆ దారి నొకసారి నడచి చూచుట మంచిది. ఇది భయపెట్టుటకు చెప్పునది కాదు. వరదలెరిగిన గోదావరి లంకవాసులకు ఏటిగట్టుదారి నెవరును నేర్పనక్కరలేదు గదా.

ఇక దారి సంగతి. స్ట్రాంబోలిలో విమానాశ్రయము లేదు. సిసిలీలోని కటానియా నగరమున దిగి, అచ్చటినుండి మిలాజో రేవునకు రోడ్డుమీద సుమారు రెండుగంటలు పోయి, హైడ్రోఫాయి లను వేగపు పడవ నెక్కవలెను. నేపుల్సునుండి రాత్రియంతయు ప్రయాణముచేయు ఓడ మఱియొకటి గలదు. తెల్లవారుజామున ఓడమీదనుండి ఈ కొండను చూచుట గొప్ప యనుభవ మని అందఱును చెప్పుదురు. సమయము గలవారు దానినే యెన్నుకొనవచ్చును. కాని కటానియాకు ఎట్నా యను మఱియొక నిప్పుకొండ పొరుగు. దాని బూడిద లేచినప్పుడు విమానములు ఆగిపోవుట కలదు. సముద్రము పొంగినపుడు హైడ్రోఫాయిలు రాదు. కనుక తిరుగు విమానమునకు ముందు కనీస మొక పూర్తిదినము సిసిలీలో ఉండునట్లు ఏర్పాటు చేసికొనని ప్రయాణము ప్రయాణమే కాదు. మే, జూను, సెప్టెంబరు మాసములు అనుకూలములు. ఆగస్టులో జనము, ఎండ, ధరలు మూడును హెచ్చు. శీతకాలమున బసలు పెక్కు మూసియుండును.

భారత పాస్‌పోర్టు గలవారు, లండనులో కాపురమున్నవారైనను, షెంజెన్ వీసా పొందవలెను. ప్రయాణమునకు ఆరుమాసముల ముందునుండి దరఖాస్తు చేయవచ్చును. పదునైదు దినములకు తక్కువ వ్యవధి యుండరాదు. ముప్పదివేల యూరోలకు తగ్గని వైద్యభీమా కావలెను. ఆ భీమాలో కొండ నడకలకు మినహాయింపు లున్నవేమో చదివి చూచుకొనుడు.

బస విషయమున మా మాట కొందఱు మగవారికి నచ్చకపోవచ్చును. వంటగది గల ఇల్లు అద్దెకు తీసికొనినచో ఖర్చు తగ్గునని వారు లెక్కవేయుదురు. లెక్క సరియే. అయితే కందిపప్పు, కుక్కరు, పోపులడబ్బా పెట్టెలో వేసికొని సముద్రములు దాటి, అచ్చటను ఉదయము ఉప్మా, రాత్రి చారు వండుచు, అందఱు సముద్రస్నానమునకు పోగా అంట్లు తోముకొనుచు కూర్చున్న యిల్లాలికి సెలవు ఏది? వంటయిల్లు తప్పనిసరియైనచో పొయ్యి వెలిగించు పూటలు ఎవరెవరివో ఇంటిదగ్గరనే పంచుకొని బయలుదేరవలెను. అచ్చటి తెల్లని ఇండ్లకు చదునైన కప్పు లుండుట అందమునకు గాదు; వాననీటిని పట్టి తొట్లలో నిలువచేయుట కని యెరుగవలెను. దీవిలో మంచినీటి వసతి కొద్ది గనుక వేసవిలో ఓడలమీద నీరు తెప్పింతురు. బట్టలన్నియు దినదినము ఉతికి ఆరవేయు నలవాటును నాలుగునాళ్ళు మానుకొనుడు.

శాకాహారులకు చిక్కు లేదు గాని జాగ్రత్త కావలెను. రొట్టె, టొమాటో, ఆలివులు, వంకాయ సమృద్ధిగా దొరకును. ఆ దీవుల ప్రత్యేకవస్తువు కేపరు మొగ్గలు. ఒక ముండ్లపొద మొగ్గలను పూవు విచ్చకముందే కోసి ఉప్పులో ఊరవేయుదురు. ఊరగాయ రుచి యెరిగిన మన నాలుకకు అవి వెంటనే నచ్చును. అయితే టొమాటో కూరలో ఆంచొవీ యను చిన్నచేప కరగిపోయి కంటికి కనబడక యుండవచ్చును, అడిగి తెలిసికొనవలెను. ఆవకాయ సీసాతో పాటు నేయి, పాలకోవా కట్టుకొనిపోవలె నని తలపకుడు. విదేశములనుండి పాలపదార్థములను ఐరోపా సరిహద్దులలో అనుమతింపరు.

ఊరి వీథులలో దీపములు లేవు. చీకటిలో కొండ వెలుగును, నక్షత్రములను చూచుట కిది వరమే గాని, మనిషి కొక టార్చిలైటు ఉండితీరవలెను. ఇసుక నల్లనిది, మధ్యాహ్నపు టెండకు కాలును గనుక చెప్పులు లేనిదే దిగరాదు. వీథులలో చీర బాగుగనే యుండును. కొండదారిలో బూడిదయు గులకరాళ్ళును కాలిక్రింద జారును గావున సల్వారును మడమ కప్పు బూట్లును మేలు. సామానులు మోయుటకు మన పల్లెలలో జనమును ఎక్కించుకొని తిరుగు ఆపే బండ్లవంటివే అచ్చటను కనబడును. అవి పుట్టినది ఇటలీలోనే.

దీవికి రెండవప్రక్కన జినోస్త్రా యను చిన్నపల్లె గలదు. ప్రధానగ్రామమునుండి అక్కడికి రోడ్డు లేదు, పడవమీదనే పోవలెను. విద్యుచ్ఛక్తి యచ్చటికి వచ్చినది 2004లో. రోసెల్లినీ 1949లో తీసిన స్ట్రాంబోలి చిత్రమున, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ధరించిన పాత్ర భర్తగృహమును విడిచి ఈ పల్లెకు చేరగోరియే కొండ నెక్కును. పోవుటకు ముందు ఆ చిత్రమును చూచినచో, నాలుగుదినములకు వచ్చువారికి ఆనందమిచ్చు దీవి అచ్చటనే బ్రదుకవలసిన స్త్రీకి ఎట్లుండెనో తెలియును. 1930 నాటి గొప్ప ప్రేలుడు పిమ్మట పెక్కు కుటుంబములు దీవి విడిచి అమెరికాకు, ఆస్ట్రేలియాకు వలసపోయినవి. వారి మూసిన యిండ్లనే తరువాత కొన్నింటిని సెలవులకు వచ్చువారు కొనిరి.

కొండ యెక్కలేనివారికి ముఖ్యమైన దర్శనము పడవమీదనే లభించును. నిప్పు దొరలివచ్చి సముద్రములో పడు నల్లని యేటవాలును షారా దెల్ ఫ్వోకో యందురు. ఊరినుండి అది కనబడదు. సాయంకాలపు పడవలు స్కారి రేవున బయలుదేరి, దీపస్తంభము గల స్ట్రాంబోలిక్కియో రాతిదిబ్బను చుట్టి, చీకటిపడు వేళకు ఆ యేటవాలు నెదుట సముద్రములో నిలుచును. సముద్రపు గాలి చల్లగా వీచును గనుక పిల్లలకు శాలువలు, వాంతులగు వారికి మందు వెంటనుంచుకొనుడు. పగటివేళ పొగగా మాత్రమే తోచునది చీకటిలో ఎఱ్ఱగా కనబడును. పడవయాత్రను మొదటిరాత్రికే ఏర్పాటుచేసికొనవలెను. ఆనాడు సముద్రము ఒప్పుకొననిచో మఱి రెండుమూడు రాత్రులు చేతిలో నుండును.